అందరికీ నా మెయిలే

మా సెంటరు గోడ మీద నా మెయిల్ అడ్రసు ఇప్పటికీ రాసి ఉంది. నల్ల స్కెచ్ పెన్నుతో, వేలెడంత ఇంగ్లిషు అక్షరాలు. దాని కిందనే పాస్‌వర్డు. చదువుకున్నవాళ్లెవరైనా చూస్తే, పాస్‌వర్డు గోడ మీద రాస్తారా అని నోరెళ్లబెడతారు. రాస్తారు. వనపర్తి బస్టాండు వెనక సందులో ఇరవై ఏళ్లు ఇంటర్నెట్ సెంటరు నడిపి చూడండి, మీరూ రాస్తారు. వచ్చిన ప్రతి మనిషి దగ్గరికీ లేచి వెళ్లి ఆ పదకొండు అక్షరాలు కొట్టీ కొట్టీ నా నడుము పోయింది. ఇప్పుడు యాభై దాటాయి. పొద్దున నాగర్‌కర్నూల్ బస్సు ఎక్కడానికి మెట్టు మీద కాలు పెట్టగానే ముందు పలకరించేది ఆ నడుమే.

ఈ మెయిల్ సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఏ దరఖాస్తు నింపినా ఒకచోట మెయిల్ అడిగే గడి వస్తుంది. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న మనిషికి మెయిల్ ఉండదు. ఉన్నా గుర్తుండదు. గుర్తున్నా పాస్‌వర్డు బావమరిదికి తెలుసంటాడు, ఆ బావమరిది పుణెలో సెంట్రింగు పనిలో ఉంటాడు. నీదే పెట్టు సార్ అంటారు. పెట్టేవాణ్ణి. స్కాలర్‌షిప్పుకు నాదే, హాల్ టికెట్టుకు నాదే, పాసుపుస్తకంలో తప్పులు దిద్దమని పెట్టుకునే అర్జీకీ నాదే. నెలకో సిమ్ము మార్చేవాళ్లకు ఫోను నంబరు కూడా నాదే. అన్నం ముద్ద నోటి దాకా వస్తే ఎవరిదో ఓటీపీ, తలకు సబ్బు రుద్దుకుంటే ఇంకెవరిదో ఓటీపీ. మా ఆవిడ తలుపు సందులోంచి ఆరంకెలు చదివేది, నేను లోపలినుంచి, ఇంటి ముందు గదిలోనే ఉన్న సెంటరుకు వినబడేలా అరిచేవాణ్ణి. ఇది నా ఒక్కడి గొడవ కాదు. గద్వాలలో, నాగర్‌కర్నూల్‌లో, ఎక్కడి సెంటరుకు పోయినా ఇదే తీరు. దీన్ని మేమెవరం మోసం అనుకోలేదు. చేసిపెట్టడం అనుకున్నాం.

సాఫ్ట్‌వేరు పరీక్షలు వచ్చినప్పుడు కూడా అలాగే చేసిపెట్టాను. ఒక కంపెనీవాళ్లు వాళ్ల వెబ్‌సైటులో పరీక్షలు పెడతారు. కంప్యూటర్లో వేసే లెక్కల పట్టికలది ఒకటి, నెట్‌వర్కుది ఒకటి, డేటాబేసుది ఒకటి. పాసైతే సర్టిఫికెట్. అది చూపిస్తే హైదరాబాదులో ఆపరేటరు పని తొందరగా దొరుకుతుందని మా పిల్లలు ఎగబడ్డారు. ఒక్కొక్కరికి ఒక్కో అకౌంటు తెరిచే ఓపిక ఎవరికుంది? నా మెయిల్ మీద ఒకటే అకౌంటు. పరీక్ష రాసే మనిషి వస్తే పేరు గడిలో వాళ్ల పేరు కొట్టడం, పరీక్ష రాయించడం, సర్టిఫికెట్ ప్రింటు తీయడం, వేడివేడిగా లామినేషన్ చేసి చేతిలో పెట్టడం. మర్నాడు ఇంకొకరు వస్తే పేరు మార్చడం. లామినేషన్ చేసిన కాగితం అంటే మా వైపు పట్టా కిందే లెక్క. వానకు తడవదు, ఎలుక కొరకదు. కాగితం మీద పేరు సరిగ్గా ఉంది కదా, వెబ్‌సైటులో ఏముందో ఎవరు చూశారు?

ఎవరూ చూడలేదు. చూసే రోజు వస్తుందని నాకూ తట్టలేదు.

సెంటరు తెరిచినప్పుడు నేను, మధ్యలో ఆగిన డిగ్రీని ముప్పై ఏళ్లకు మళ్లీ ఎత్తుకుని, ఆఖరి ఏడాదిలో ఉన్నాను. చదువూ దుకాణమూ రెండూ కుదరక చదువు వదిలేశాను. అప్పట్లో నాకున్న పొగరు అంతా ఇంతా కాదు. డిగ్రీ చేసినవాళ్లే నా దగ్గర దరఖాస్తులు నింపించుకుంటున్నారు, నాకెందుకు డిగ్రీ అనేవాణ్ణి. తర్వాత అందరి చేతికీ ఫోన్లు వచ్చాయి, సెంటరు చిక్కిపోయింది. ఎనిమిది కంప్యూటర్లు మూడయ్యాయి. నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు కంప్యూటర్ ల్యాబులో పిల్లలకు చెప్పే పనికి పిలిస్తే, మధ్యాహ్నం దాకా అక్కడ, ఆ తర్వాత సెంటరులో అని ఒప్పుకున్నాను. రెండేళ్లు బాగానే నడిచింది. మూడో ఏడు కొత్త రూలు వచ్చిందన్నారు. ల్యాబులో చెప్పేవాళ్లకు డిగ్రీ ఉండాలి. ఆగస్టులోపల తేవాలి. లేకపోతే సార్, మీరే అర్థం చేసుకోండి, అన్నారు.

యాభై ఏళ్లకు డిగ్రీ. సిగ్గేసింది. సిగ్గుతో పాటు కోపమూ వచ్చింది. కానీ ఇంటికొచ్చి ఎవరి మీద చూపిస్తాను?

దూరవిద్యలో చేరాను. మా కోర్సుకు స్టడీ సెంటరు వనపర్తిలో లేదు, గద్వాలలో ఉంది. అక్కడి పెద్దసారు, అంటే ఆ సెంటరు చూసుకునే ఆయన, నా పాత మార్కుల మెమోలు ముందేసుకుని చాలాసేపు కూడి, పన్నెండు క్రెడిట్లు తక్కువ పడుతున్నాయని తేల్చాడు. క్రెడిట్ అంటే చదివిన చదువుకు కొలత. గింజలకు శేరూ సోలా ఉన్నట్టు చదువుకు ఇది. నా కాలంలో పాసా ఫెయిలా అనే ఉండేది, ఇప్పుడు చదువును కూడా కొలిచి పోస్తున్నారు. ఆ పన్నెండింటికి మళ్లీ క్లాసులు, మళ్లీ పరీక్షలు కాబోలనుకుని నీరుగారిపోయాను. నా మొహం చూసి ఆయనే అన్నాడు, గుర్తింపు ఉన్న సాఫ్ట్‌వేరు సర్టిఫికెట్లు ఉంటే వాటికి క్రెడిట్లు ఇస్తున్నామని, ఒక్కోదానికి నాలుగని. ఆ కంపెనీ పేరు కూడా ఆయన జాబితాలో ఉంది.

మూడు సర్టిఫికెట్లు. పన్నెండు క్రెడిట్లు.

నా దగ్గర రెండు ఉన్నాయి. పట్టికలది, నెట్‌వర్కుది. మూడోది, డేటాబేసుది, రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పాను. ఈ సంగతి మా ఆవిడకు కూడా చెప్పలేదు. మధ్యాహ్నం షట్టరు సగం దించి, ఎవరూ లేనప్పుడు రాశాను. ఆ పాఠం పదిమందికి చెప్పినవాణ్ణి. చెప్పేవి శ్రీరంగనీతులు అని ఊరికే అనలేదు.

ఆ పదిమందిలో ఒకామె ఉండేది. ఖిల్లా ఘణపూర్ పక్క ఊరు. తల్లిదండ్రులు ముంబైలో బిల్డింగు పనికి పోతే తను హాస్టల్లో ఉండి చదువుకుంది. ఇంటర్ అయ్యాక నా దగ్గరికి వచ్చి కంప్యూటరు నేర్చుకుంది. పట్టికలు, నెట్‌వర్కు, డేటాబేసు మూడూ రాసింది. డేటాబేసు పరీక్ష రోజు ఆమె నిండు నెలల మనిషి. ఉక్కపోతకు ఆయాసపడుతుంటే నా టేబులు ఫ్యాను తీసుకెళ్లి ఆమె వైపు తిప్పాను. గంటన్నర కదలకుండా కూర్చుని రాసి, తొంభై నాలుగు తెచ్చుకుంది. పదో రోజు కూతురు పుట్టింది. మా సెంటరులో ఆ పరీక్షకు పాసు మార్కు ఇంకెవరికీ రాలేదు. నేను అందరికీ చెప్పుకున్నాను, మా శిష్యురాలని.

ఆమె కూడా అదే దూరవిద్యలో డిగ్రీ చదువుతోంది. పసిపిల్లతో ఆఖరి పరీక్షలు రాయలేక ఆమెకూ సరిగ్గా పన్నెండు క్రెడిట్లే తక్కువ పడ్డాయి. వనపర్తిలో ఒక ఆఫీసులో దినకూలీ మీద ఆపరేటరుగా చేసేది. ఏప్రిల్ ఆఖరులోపల డిగ్రీ చూపిస్తే అదే కుర్చీలో నెలజీతం మీద తీసుకుంటామని, లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని అక్కడివాళ్లు చెప్పారు. గద్వాలలో సర్టిఫికెట్లకు క్రెడిట్లు ఇస్తున్నారన్న మాట ఆమెకు చెప్పింది నేనే. ఆ రోజు ఆమె మొహం చూడాలి. నా మాట పూర్తి కాకముందే సంచిలోంచి ఆ మూడు లామినేషన్ కాగితాలు తీసింది. సంచిలోనే పెట్టుకుని తిరుగుతోంది, ఎప్పుడేం అవసరం పడుతుందో అని.

మర్నాడే గద్వాల పోయింది. పెద్దసారు ఆ కాగితం మూలన ఉన్న క్యూఆర్ కోడ్ మీద ఫోను పెట్టాడు. వెబ్‌సైటు తెరుచుకుంది. పరీక్ష సరే, తారీఖు సరే, మార్కులు సరే. పేరు మాత్రం వేరే మగమనిషిది. అందరికంటే ఆఖరున నా దగ్గర పరీక్ష రాసిన సెల్‌ఫోను దుకాణం అతనిది. మిగతా రెండూ అంతే. కాగితం మీద ఆమె, లోపల అతను. ఇవి దొంగ సర్టిఫికెట్లా అని అడిగాడట ఆయన. ఆమె బస్సు దిగి నేరుగా సెంటరుకు వచ్చింది. కాగితాలు నా ముందు పెట్టి నిలబడింది.

నాకు ఒక్క నిమిషంలో అర్థమైంది. పేరు గడి ఒక్కటే. నేను అందులో పేరు మార్చిన ప్రతిసారీ అంతకుముందు వచ్చిన సర్టిఫికెట్లన్నిటి మీదా పేరు మారిపోతూ వచ్చింది. నలభైమందికి పైగా పిల్లల పరీక్షలు, అన్నీ ఆ సెల్‌ఫోను దుకాణం అతని పేరు మీద కూర్చున్నాయి. పాపం అతనికి తెలియదు, తను అంత చదువుకున్నాడని.

కంపెనీకి మెయిల్ పెట్టాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. ఒక అకౌంటు ఒక మనిషిది. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఎక్కించి ఒక పేరు ఖాయం చేసుకోవచ్చు, ఒక్కసారే. ఆ తర్వాత తాళం పడుతుంది. అకౌంటులో ఉన్న సర్టిఫికెట్లన్నీ ఆ పేరు మీదే ఉంటాయి. ఇంకెవరైనా ఇందులో రాసి ఉంటే వాళ్లు సొంత అకౌంటు తెరుచుకుని పరీక్షలు మళ్లీ రాయాలి. మర్యాదగా రాశారు, పైన డియర్ అని, కింద థ్యాంక్స్ అని.

నలభైమందిలో చాలామందికి ఆ కాగితాలతో ఇప్పుడు పని లేదు. ఫోన్లు చేసి కనుక్కున్నాను. ఒకతను ఆటో నడుపుతున్నాడు, ఒకామె దుబాయిలో ఉంది, ఇంకొకడు ఏ పరీక్ష సార్ అన్నాడు. పని ఉన్నది ఇద్దరికే. ఆమెకు, నాకు.

ఆమె మధ్యాహ్నం భోజనం వేళకు ఆఫీసునుంచి నడిచి వచ్చింది, ఆధార్ జిరాక్సు తీసుకుని. కంపెనీ జవాబు చదివి వినిపించాను. నాకు ఒక సర్టిఫికెట్ తక్కువ ఉందని చెప్పలేదు. నాకూ ఇందులో రెండున్నాయని మాత్రం ఆమెకు తెలుసు. అయినా ఆమెకు అనుమానం రాలేదు. ఎందుకు వస్తుంది? డిగ్రీ తెమ్మని నాకు కూడా గడువు పెట్టారన్న సంగతి నేను ఎవరికీ చెప్పుకోలేదు కదా. ఆమె గడువు ఇంకా పదిహేను రోజులుంది. నాది నాలుగు నెలలు. నా పేరు మీద కొత్త అకౌంటు తెరిచి మూడు పరీక్షలూ తాపీగా రాసుకోవడానికి నాకు బోలెడు సమయం. చిన్నపిల్లలకు చెప్పినా ఎవరి పేరు పెట్టాలో చెబుతారు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆమె గోడ గడియారం చూసింది. ఆఫీసుకు ఆలస్యమైతే దినకూలీవాళ్లను ఊరుకోరు. కరెంటు రాగానే చేసిపెడతాను, నువ్వు వెళ్లు బిడ్డా అన్నాను. జిరాక్సు టేబులు మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన స్టేప్లర్ పెట్టి వెళ్లింది.

అరగంటకు కరెంటు వచ్చింది. అకౌంటు తెరిచాను. వరుసగా అరవై చిల్లర సర్టిఫికెట్లు. కిందికి జరుపుతూ పోతే నావి రెండు కనిపించాయి, వాటి పైన ఆమె తొంభై నాలుగు. నేను తప్పిన రెండుసార్లూ ఆ వరుసలో లేవు. తప్పినవి చూపించరు.

అక్కడ కూర్చుని ఏమనుకున్నానో దాచకుండా చెబుతాను. ఆ పాఠం నేను చెప్పినదే కదా అనుకున్నాను. ఫ్యాను నాది, కరెంటు నాది, మెయిల్ నాది, పాఠం నాది. ఆమెది చిన్న వయసు, బుర్ర చురుకు, మళ్లీ రాసినా పాసవుతుంది. నేను మళ్లీ రాస్తే మళ్లీ తప్పుతాను. మూడోసారి కూడా తప్పితే ఆ ల్యాబులో ఏ మొహం పెట్టుకుని నిలబడతాను? ఇరవై ఏళ్లు ఊరందరికీ చేసిపెట్టాను, నాకు నేను ఒక్కసారి చేసుకుంటే ఏమవుతుంది? ఇవన్నీ అనుకున్నాను. వీటన్నిటికంటే పెద్దది ఇంకొకటి ఉంది. అలిసిపోయాను. ఇంకో పరీక్ష రాయడం నావల్ల కాదనిపించింది. అలుపు ఎంత నీచమైన పనైనా చేయిస్తుందని అంతకుముందు నాకు తెలియదు.

ఆమె జిరాక్సు మీద స్టేప్లర్ అలాగే ఉంచి, జేబులోంచి నా ఆధార్ తీశాను. పేరు గడిలో నా పేరు కొట్టాను. ఖాయమా అని స్క్రీను అడిగింది. ఖాయమే అన్నాను. తాళం బొమ్మ పడింది. అంతా కలిపి పది నిమిషాలు పట్టలేదు.

మర్నాడు ఆమె వస్తే అబద్ధం చెప్పాను. కంపెనీవాళ్లు ఒప్పుకోలేదని, ఆ సెల్‌ఫోను అతని పేరు మీదే తాళం పడిపోయిందని. అబద్ధం గొంతులో అడ్డం పడుతుందంటారు. నాకేమీ పడలేదు, నున్నగా దిగిపోయింది. ఆమె మూడు కాగితాలూ చున్నీ అంచుతో తుడిచి సంచిలో పెట్టుకుంది. ఇక మార్గం లేదా అని అడిగింది. సొంతంగా మెయిల్ తెరుచుకుని మళ్లీ రాయాలని చెప్పాను. ఒక్కో పరీక్షకు ముందే తేదీ తీసుకోవాలి, పదిహేను రోజుల్లో మూడింటికి దొరకవు, అది ఇద్దరికీ తెలుసు.

"మీరేం చేస్తరు సార్," అన్నది. "అందరికి చేసిపెట్టినందుకు మీకే పరేషాన్."

నన్నే ఓదార్చింది. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

ఏప్రిల్ ఆఖరుకు ఆ కుర్చీలో ఇంకొకరు చేరారు. మే నెలలో తెలిసింది, ఆమె ఊళ్లో ఉపాధి పనికి పోతోందని, ఎండలో చెరువు మట్టి తవ్వుతోందని. ఆ మాట చెప్పింది ఆమె ఊరినుంచి సర్టిఫికెట్ జిరాక్సు కోసం వచ్చిన ఒక ముసలాయన. మంచిపిల్ల సార్, నీ దగ్గరనే నేర్చుకున్నది గద, అన్నాడు. అవునన్నాను. ఆయన జిరాక్సు రెండుసార్లు చెడిపోయింది, కాగితం తిరగేసి పెట్టాను.

గద్వాలలో సర్టిఫికెట్లు ఎప్పుడు తీసుకెళ్లినా చూస్తారు గానీ, క్రెడిట్లు ఎక్కించే రోజు మూడు నెలలకొకసారే వస్తుంది. ఏప్రిల్ రోజుకు నేను వెళ్లలేదు. ఎవరైనా చూస్తే ఆమెకు చెబుతారని భయం. జూలై రోజుకు వెళ్లాను. అప్పటికి ఆమెకు ఆ దారిలో పనేం ఉంటుంది అనుకున్నాను. వానాకాలం కాబట్టి వేరుశనగ విత్తుతూనో, పత్తి చేనులో కలుపు తీస్తూనో ఉంటుందనుకున్నాను. అలా అనుకోవడంలో కూడా ఎంత దొరతనముందో ఇప్పుడు తెలుస్తోంది.

స్టడీ సెంటరు వరండాలో తొమ్మిదిమందిమి వరుసలో నిలబడ్డాం. నా ముందు ఇద్దరున్నారు. ఊరికే వెనక్కి తిరిగి చూస్తే, నా తర్వాత మూడో మనిషి ఆమె. ఎండకు కమిలిన మొహం, అదే సంచి. నన్ను చూసి నవ్వింది. వరుసలో వాళ్లను దాటి ముందుకొచ్చి, గద్వాలలో ఇంకో సెంటరులో తన మెయిల్ తనే తెరుచుకుని ఒక పరీక్ష మళ్లీ రాశానని, దానికి నాలుగు క్రెడిట్లు వేయించుకోవడానికి వచ్చానని చెప్పింది. మిగతా రెండూ పని దొరకని రోజుల్లో రాస్తుందట. నేను తల ఊపాను. మీరెందుకొచ్చారు సార్ అని అడిగేలోపల నా నంబరు పిలిచారు. తలుపు తెరిచే ఉంది. ఆమె గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, నాతో మాట్లాడుతూ వచ్చింది కాబట్టి.

నేను కాగితాలు ఆయన ముందు పెట్టేసి వెంటనే బయటికి రావాల్సింది. లేదా ఇవ్వకుండా రావాల్సింది. రెండూ చేయలేదు. పెద్దసారు ఒక్కో కాగితం మీద ఫోను పెట్టి, పక్కన రాసుకునే ఆయన కోసం గట్టిగా చదువుతున్నాడు. పట్టికలు, నా పేరు, అరవై ఒకటి. నెట్‌వర్కు, నా పేరు, యాభై ఎనిమిది. తర్వాత మూడోది తీశాడు. డేటాబేసు అని చదివాడు. తారీఖు చదివాడు. నా పేరు చదివాడు. తొంభై నాలుగు అని చదివి, కళ్లద్దాల మీదినుంచి నన్ను చూసి, "అబ్బ, సార్లంటే గిట్ల ఉండాలె," అన్నాడు.

ఆ తారీఖు ఆమె మరిచిపోదు. కూతురు పుట్టడానికి పది రోజుల ముందటిది. నేను వెనక్కి తిరగలేదు. తిరగకుండానే నాకు తెలుసు, గుమ్మంలో నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో. పెద్దసారు సంతకం పెట్టమంటే పెట్టాను. పన్నెండు క్రెడిట్లు ఎక్కాయి. బయటికి వస్తుంటే ఆమె నాకు దారి ఇచ్చి పక్కకు జరిగింది, తల వంచి సంచిలో ఏదో వెతుకుతూ.

ఇక ఆగలేదు. టీ తాగుదామని పిలిచిన వాళ్లను కూడా వదిలించుకుని బస్టాండుకు నడిచాను. ఆమె వచ్చేలోపలే వనపర్తి బస్సు ఎక్కి వెళ్లిపోవాలని. బస్సు రాలేదు. ముప్పావుగంట దాకా రాలేదు. వచ్చేసరికి జనం మీదపడ్డారు, కిటికీల్లోంచి రుమాళ్లు, సంచులు, చెప్పుల జతలు కూడా విసిరి సీట్లు పట్టుకున్నారు. నా నడుముతో ఆ తోపులాటలో నేనెక్కడ? అందరూ ఎక్కాక ఎక్కి, కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. మధ్య వరుసలో ఆమె కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎలా ఎక్కిందో. పక్క సీటు మీద సంచి పెట్టి ఉంది. ఒకతను కూర్చోబోతే మనిషి ఉన్నాడని చెప్పింది. నన్ను చూసి సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"కూసోండి సార్. నడుము నొప్పి గద మీకు."

కూర్చున్నాను. కూర్చోకుండా ఎలా ఉంటాను? కండక్టరు వచ్చాడు. ఆమె ఆధార్ చూపించి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు తీసుకుంది. నేను నా టికెట్టు తీసుకున్నాను. ఎర్రవల్లి చౌరస్తా దాటింది. ముందు సీటులో ఎవరో వేయించిన పల్లికాయలు ఒలుస్తున్నారు, ఆ పొట్టు గాలికి మా మీద పడుతోంది. ఆమె దులుపుకుంది, నేను దులుపుకోలేదు. ఏదైనా అనాలని, ముందు నేనే అనాలని గొంతు సవరించుకున్నాను. కృష్ణ మీద వంతెన వచ్చింది. అందరూ కిటికీల వైపు వంగి దండాలు పెట్టుకున్నారు, రూపాయి బిళ్లలు విసిరారు. వంతెన దాటేదాకా ఆగుదాం అనుకున్నాను. దాటాక కూడా ఆగాను.

ఎలాగైతేనేం ఆ డిగ్రీ నాకు వచ్చింది, ల్యాబు పనీ నిలబడింది. ఆగస్టులో మెమో చూపిస్తే కాలేజీవాళ్లు చేయి కలిపారు. రోజూ పొద్దున నాగర్‌కర్నూల్ వెళుతున్నాను, డేటాబేసు పాఠం చెబుతున్నాను. ఆమె మిగతా రెండు పరీక్షలు రాసిందో లేదో నాకు తెలియదు. అడగడానికి నోరు రాలేదు. ఆమె సెంటరుకు రాదు. గోడ మీది మెయిల్‌ను ఒకరోజు తడిగుడ్డతో రుద్దాను, చెరగలేదు, వదిలేశాను. ఇప్పుడు ఎవరైనా నీదే పెట్టు సార్ అంటే కసురుకుంటున్నాను. ఈయనకేమొచ్చింది, ఇదివరకు ఇలా లేడే అని వాళ్లు ముఖాలు చూసుకుంటున్నారు.

ఆ రోజు బస్సులో ముందు మాట్లాడింది ఆమే. వంతెన దాటి కొంతదూరం పోయాక, కిటికీ బయటికి చూస్తూనే, ఏ కోపమూ లేని గొంతుతో అడిగింది.

"నా జిరాక్సు కాయితం టేబుల్ మీద పెట్టి పోయిననాడే చేసిన్రా సార్?"

అవునన్నాను. నాకు కూడా గడువు ఉండిందని, ఆ పరీక్ష రెండుసార్లు తప్పానని చెప్పాను. ఆ ముక్క ఒక మనిషికి చెప్పడం అదే మొదటిసారి. ఆమె విన్నది. ఒళ్లో సంచిని సర్దుకుంది.

"అడిగినా ఇస్తుంటినో లేదో నాకే తెల్వదు సార్," అన్నది చివరికి. "గానీ మీరు నన్ను ఒక్కమాట అడిగేదుండె."

నేను టికెట్టును వేళ్ల మధ్య నలుపుతూ కూర్చున్నాను. వనపర్తికి ఇంకా ముప్పావుగంట ప్రయాణం ఉంది.